మా బండి హెడ్‌లైట్లకు పసుపు పూసిన పొద్దు

నాలుగు చెంచాల పసుపుతో ముప్పై మందిని డ్యూటీకి ఆలస్యం చేసి, ఒక ఫంక్షన్ హాలు తివాచీ మీద టైర్ల ముద్రలు వేసి, కన్నతండ్రి పరువును పదిమందిలో తీసిన ఘనురాలిని నేను. నమ్మకపోతే జల్‌పల్లిలో మా వాడకట్టుకు వచ్చి ‘పసుపు బండి సుజాత’ ఇల్లెక్కడని అడగండి. ఇల్లు చూపించడమే కాదు, కూర్చోబెట్టి చాయ్ పోసి మరీ కథంతా చెబుతారు. అయితే వాళ్లు చెప్పే దాంట్లో నేను బండిని స్టేజీ ఎక్కించానని, పెళ్లికొడుకు దండ లాక్కున్నానని కూడా ఉంటుంది. అది శుద్ధ అబద్ధం. స్టేజీకి రెండు మూరల ముందే ఆపాను. అందుకే, ఉన్నదున్నట్టుగా ఒకసారి నేనే రాసేస్తే ఓ పనైపోతుందని కూర్చున్నాను.

మాది పాల వ్యాపారం. పన్నెండు బర్రెలు, ఒక చిన్న ట్రాలీ బండి. మా బాపు పేరు మల్లేశ్. ముప్పై ఏళ్లుగా తెల్లవారుజామునే పాల క్యాన్లు వేసుకుని పాతబస్తీకి వెళ్తాడు. మొదట సైకిలు, తర్వాత స్కూటరు, ఆ తర్వాత ఈ ట్రాలీ. పాలన్నీ శాలిబండలో ఖాదర్ భాయ్ చాయ్ హోటల్‌కే. అక్కడ ఆరున్నరకు పాలు దిగాలి. ముప్పై ఏళ్లలో వానకు, ఎండకు, లొల్లికి, దేనికీ తాను ఆలస్యం చేయలేదని బాపు చెప్పుకుంటాడు. ఎంత తరచుగా చెప్పుకుంటాడంటే మా బర్రెలకు కూడా ఆ మాట కంఠతా వచ్చేసి ఉంటుంది.

ఆ ఏడు చలికాలంలో బాపుకి కంటి ఆపరేషన్ అయింది. పది రోజులు బండి ముట్టవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మరి పాలు ఎవరు తీసుకెళ్లాలి? మా పెదనాన్న కొడుకు రమేశ్‌ను పిలుద్దామంది అమ్మ. నాకు అప్పటికి ఇరవై రెండేళ్లు. లైసెన్స్ వచ్చి మూడు నెలలు. దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని.

“నేను నడుపుత బాపు. నా దగ్గర లైసెన్స్ ఉంది,” అన్నాను.

“లైసెన్స్ ఉంటే ఏమైతది? రేషన్ కార్డు గుడ ఉంది. దాంతోని బియ్యం వస్తయి గని వంట వస్తదా?”

“రమేశ్‌కు ఏం వచ్చు? మొన్న బండి గేరేస్తే బాయిల గిరక లెక్క మొత్తుకుంది.”

బాపు నల్ల కళ్లద్దాల వెనక నుంచి చాలాసేపు నా వైపు చూశాడు. అంటే, చూశాడనే అనుకుంటున్నాను. ఆ అద్దాల వెనక నిద్రపోయినా తెలియదు.

“సరే. పది రోజులు. పదికి పది రోజులు టైముకు పాలు దింపినవంటే తాళంచెవి నీదే. ఒక్క రోజు లేటైనా రమేశ్‌గానికి ఇస్త. మల్ల ఏడ్సుడు లేదు,” అన్నాడు.

ఎర్ర దారం కట్టిన ఆ తాళంచెవి కోసం నేను ఎంత తపించానో మీకు చెప్పలేను. బంగారు గొలుసు ఇస్తానన్నా దాన్ని వదిలేసి తాళంచెవే తీసుకునేదాన్ని. వాడకట్టులో ఏ ఆడపిల్లకూ బండి తాళం లేదు. నాకు కావాలి, అంతే.

తొమ్మిది రోజులు అద్భుతంగా గడిచాయి. రోజూ ఆరున్నర కొట్టకముందే పాలు దించాను. రోజూ సాయంత్రం రమేశ్ వచ్చి బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఎక్కడా సొట్ట పడనందుకు దిగులుగా వెళ్లిపోయేవాడు.

పదో రోజు పొద్దున లేచి చూస్తే ఊరు లేదు.

జల్‌పల్లి చెరువు మీద లేచిన పొగమంచు నేరుగా వచ్చి మా వాకిట్లో కూర్చుంది. ఎదురింటి గోడ లేదు, గేటు లేదు, కొట్టం లేదు. బర్రెల అరుపులు వినిపిస్తున్నాయి గానీ బర్రెలు కనిపించడం లేదు. క్యాన్లు బండిలోకి ఎక్కిస్తుంటే లోపలి నుంచి బాపు గొంతు వినిపించింది.

“బిడ్డా, మంచు ఉన్నట్టుంది. లైటు డిప్పర్ల పెట్టుకో. మెల్లగ పో. లేటైనా ఫికర్ లేదు.”

“లేటైతే తాళంచెవి?”

లోపలి నుంచి గురక వినిపించింది. నిద్రపోయినట్టు నటించాడు.

బండెక్కి లైటు వేశాను. ఇక్కడ నా గొప్ప సిద్ధాంతం ఒకటి చెప్పాలి. కనిపించకపోతే లైటు పెంచాలి. ఇంకా కనిపించకపోతే ఇంకా పెంచాలి. అందుకని ముందే అప్పర్ కొట్టాను, అంటే లైటును పైకెత్తి దూరం పడేలా వేశాను. అంతే, ఎదురుగా తెల్లటి గోడ లేచి నిలబడింది! వేసిన వెలుగంతా మంచుకు తగిలి తిరిగొచ్చి నా కళ్లలోనే పడింది. పండక్కి సున్నం వేసినా మా ఇంటి గోడ ఏనాడూ అంత తెల్లగా రాలేదు. లైటు నేల మీద పడేలా డిప్పర్‌కు దించాను. బండి ముందు నాలుగు బారల నేల చక్కగా కనిపించింది.

అయ్యా, అమ్మా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నాలుగు బారల నేల కనిపించింది. కాస్త బుద్ధి ఉన్న మనిషి ఎవరైనా ఆ నాలుగు బారలే చాలనుకుని, అలాగే మెల్లగా వెళ్లేవాళ్లు. ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ నాకు నాలుగు బారలు నామోషీగా అనిపించింది. నాకు శాలిబండ దాకా కనిపించాలి.

అప్పుడు దసరా గుర్తుకొచ్చింది. ప్రతి దసరాకీ బాపు బండి కడిగి, హెడ్‌లైట్లకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేస్తాడు. వేస్తూ ప్రతిసారీ అదే మాట. “సూడు బిడ్డా, తెల్ల లైటు మంచుల పనికిరాదు. పచ్చ లైటు మంచును కోస్తది. మన పెద్దోళ్లు ఉట్టిగనే పెట్టిన్రా పసుపు?” ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి చెప్పే మాట. ఇంకేం కావాలి?

అమ్మ కొట్టంలో పేడ తీస్తోంది. చడీచప్పుడు లేకుండా వంటింట్లోకి వెళ్లి పసుపు డబ్బా దించాను. ఆ పసుపు మామూలుది కాదు. బేగంబజార్‌లో అమ్మ నాలుగు దుకాణాలు తిరిగి, కొమ్ములు ఒక్కొక్కటీ విరిచి చూసి తెచ్చి మర పట్టించుకున్నది. ఏడాదికి సరిపోయే సరుకు. నాలుగు చెంచాలు తీసుకున్నాను. నీళ్లతో కలిపితే జారిపోతుందని పాలతో కలిపాను. ఎంత తెలివి చూడండి! పెళ్లికూతురికి నలుగు పెట్టినంత శ్రద్ధగా రెండు లైట్లకూ దట్టంగా పట్టించాను. చేయి పడ్డాక ఊరుకోలేక కుంకుమ బొట్లు కూడా పెట్టాను.

లైటు వేస్తే బండి ముందు ఒక బార మేర పప్పుచారు రంగులో ఏదో మసగ్గా వెలిగింది. కోసుడు సంగతి దేవుడెరుగు, మంచుకు గోరు కూడా దిగలేదు. పసుపు కొంచెం ఎక్కువైందేమోనన్న ఆలోచన నాకు వచ్చింది. వచ్చిందనే చెప్పాలి. కానీ తుడవడానికి టైము లేదు. అందుకని మళ్లీ అప్పర్ కొట్టాను. అదీ చాలక నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి మిణుకుమనే బటన్ నొక్కాను. బండిలో ఉన్నవన్నీ వాడుకోవాలి కదా.

అలా బయలుదేరాను. కిటికీలోంచి తల బయటపెట్టి, రోడ్డు అంచు చూసుకుంటూ నడుపుతున్నాను. రెండు సందులు దాటేసరికి లైట్ల వేడికి పాలూ పసుపూ కలిసి ఉడకడం మొదలైంది. కమ్మటి వాసన. నాకు ఆకలి కూడా వేసింది. మంచులోంచి నడుచుకుంటూ ఒక పెద్దమనిషి తేలాడు.

“ఏందమ్మా, ఇటు కొడుతున్నవ్, అటు కొడుతున్నవ్. ఎటు మలుగుతవ్?”

“ఎటు మలుగ. సీదా పోత!”

“సీదా పోయేదానికి గింత లొల్లి ఎందుకు?”

ఆయనకేం తెలుసులే అనుకుని ముందుకు పోయాను. అద్దంలో చూస్తే నా వెనక ఒక లైటు. కాసేపటికి రెండు. ఆ వెనక ఒక బస్సు. కంచన్‌బాగ్ వైపు డ్యూటీకి వెళ్లేవాళ్ల బస్సు అది. ఆ వెనక ఇంకా ఏవో. ఎవ్వరూ నన్ను దాటడం లేదు. నా గుండె ఉప్పొంగింది. చూశారా, పసుపు మహిమ! ఊరంతా నన్నే నమ్ముకుని వస్తోంది. ఆ క్షణంలో రమేశ్ చూసి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

ఎర్రకుంట దగ్గర ఫోన్ మోగింది. బండి పక్కకు ఆపి ఎత్తాను. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క మంచి పని అది. తమాషా ఏమిటంటే, నేను ఆగితే వెనకవాళ్లంతా కూడా వరసగా ఆగిపోయారు.

“బేటీ, ఖాదర్ బోల్‌రా. మంచు మస్తుంది. యాడ ఉన్నవ్?”

“వస్తున్న భాయ్! ఆరున్నరకు అక్కడుంట!”

“అరె, జల్దీ నక్కో. మెల్లగ రా. పాత పాలు ఉన్నయి, చాయ్ నడుస్తది.”

ఖాదర్ భాయ్‌కి తొందర లేదు. ఇంట్లో బాపుకి తొందర లేదు. తొందరంతా నాకూ ఆ తాళంచెవికీ. అప్పటికే ఆరు దాటింది. మళ్లీ బండి తీశాను. వెనక ఊరేగింపు కూడా కదిలింది.

కొంచెం దూరం పోయాక ఎడమ పక్కన వరసగా లైట్లు కనిపించాయి. కుడి పక్కన కూడా అలాగే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం. మధ్యలో చక్కటి దారి. మున్సిపాలిటీవాళ్లకు ఇన్నాళ్లకు మా మీద దయ కలిగి కొత్త లైట్లు పెట్టించారనుకున్నాను. రంగురంగులవి ఎందుకు పెట్టారని అడిగేంత జ్ఞానం అప్పుడు లేదు. సంతోషంగా అటు తిప్పాను. వెనక అందరూ తిరిగారు.

ఉన్నట్టుండి రోడ్డు మెత్తబడింది. జల్‌పల్లి నుంచి శాలిబండ దాకా నాకు తెలిసిన రోడ్డులో మెత్తని చోటు ఒక్కటీ లేదు. కనీసం అప్పుడైనా అనుమానం రావాలి. రాలేదు. మంచి రోడ్డు వేశారని మున్సిపాలిటీని మనసులో ఇంకోసారి మెచ్చుకున్నాను. మెచ్చుకోవడం పూర్తి కాకముందే, పప్పుచారు వెలుగులో, రోడ్డుకు అడ్డంగా రెండు సింహాసనాలు కనిపించాయి.

బ్రేకు మీద నిలబడ్డాను. పాల క్యాన్లన్నీ ఒకదానికొకటి గుద్దుకుని ఆగాయి. ఎదురుగా స్టేజీ మీద బంగారు రంగు పూసిన పెళ్లి కుర్చీలు రెండు, వాటి వెనక వాడిపోతున్న పూల తెర. కింద ఎర్ర తివాచీ. అది ఫంక్షన్ హాలు ఆవరణ. రాత్రి పెళ్లి అయిపోయింది. లైట్లు ఎవరూ ఆర్పలేదు, గేటు ఎవరూ వేయలేదు.

కుర్చీల పక్కన కంబళి కప్పుకుని పడుకున్న కాపలా తాత ఉలిక్కిపడి లేచాడు.

“కౌన్ హై? అరె, షాదీ రాత్రే ఖతమ్! ఇప్పుడా వచ్చేది? బిర్యానీ అయిపోయింది!”

“బిర్యానీ కోసం రాలే తాతా! శాలిబండకు పోతున్న!”

తాత నా మాట వినడం లేదు. నా వెనక మంచులోంచి ఒక్కొక్కటిగా దూరుతున్న లైట్లను చూస్తున్నాడు. రెండు స్కూటర్లు, ఒక కూరగాయల ఆటో, బస్సు. “యా అల్లా, ఇంతమందా! ఏ పక్కవాళ్లు మీరు? పెళ్లికొడుకు దిక్కా, పెళ్లికూతురు దిక్కా?” అని మొత్తుకున్నాడు. తర్వాత ఆయన చూపు నా హెడ్‌లైట్ల మీద పడింది. పసుపు, కుంకుమ, దసరా నాటి ఎండిన బంతిపూల దండ. తాత గొంతు తగ్గించి, మర్యాదగా అడిగాడు.

“బండికి హల్దీ చేసిన్రా బేటీ?”

బస్సులోంచి డ్రైవర్ రహీమ్ చాచా దిగాడు. మా బాపుకి పాత దోస్తు. ఆయన వెనకే టిఫిన్ డబ్బాలు పట్టుకుని ముప్పై మంది ఉద్యోగులు దిగారు. చాచా నా బండి చుట్టూ తిరిగి, హెడ్‌లైట్ మీద వేలు పెట్టి గీకి, వాసన చూశాడు.

“ఇది ఏంది బేటీ? పసుపా?”

“పాలు గుడ ఉన్నయి చాచా,” అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

“అరె పాగల్! లైటు ఎందుకుంటది? నీకు తొవ్వ కనబడేటందుకు, ఎదుటోనికి నువ్వు కనబడేటందుకు. నువ్వు దాన్ని తాలింపేసినవ్! మంచుల అద్దం సాఫ్ తుడవాలె. డిప్పర్ల పెట్టాలె, లైటు నేల మీద పడాలె. అప్పర్ కొడితే నీ లైటు నీ కండ్లనే కొడతది. మల్ల ఈ నాలుగు ఇండికేటర్లు ఏంది? అవి ఆగిన బండికి. నడిచే బండికి కొడితే ఎన్క వచ్చేటోనికి నువ్వు ఆగినవో మలుగుతున్నవో ఏం తెలుస్తది?”

తల దించుకుని అంతా విన్నాను. కానీ ఒక్క సందేహం మిగిలింది. “మరి గవ్వే సూసుకుంట మీరు నా ఎన్క ఎందుకొచ్చిన్రు చాచా?”

చాచా బస్సు వైపు చూశాడు. ఆకాశం వైపు చూశాడు. “అవ్వే కనబడ్డయి మరి,” అన్నాడు చివరికి. ఉద్యోగుల్లో ఎవరో పకపకా నవ్వారు.

సరిగ్గా అప్పుడే గేటు అవతలి నుంచి, మంచులోంచి, నాకు బాగా తెలిసిన దగ్గు వినిపించింది. 

నల్ల కళ్లద్దాలు, నెత్తికి మఫ్లర్, ఒంటి నిండా శాలువా. మా బాపు! పక్కన ఆయన్ని భుజం పట్టుకుని నడిపిస్తూ మా పక్కింటి ఆటో నర్సింగన్న. నేను బయలుదేరాక మనసు ఆగక, డాక్టరు మాట పక్కనపెట్టి, నర్సింగన్నను లేపి ఆటోలో నా వెనకే వచ్చాడట. ఊరేగింపులో ఆఖరి బండి ఆయనదే.

బాపు తివాచీని చూశాడు. సింహాసనాలను చూశాడు. బండిని చూశాడు. ఆ తర్వాత మొదలైంది.

“నేనేం చెప్పిన? డిప్పర్ అని చెప్పిన్నా లేదా? మెల్లగ పొమ్మన్ననా లేదా? పసుపు పూయమన్ననా? ఎవడన్న లైటుకు పసుపు పూస్తడా? బుద్ధున్నోళ్లు చేసే పనేనా గిది? ముప్పై ఏండ్లు నడిపిన, ఇసొంటి తెలివి ఏడ సూడలే! చాలు ఇగ. తాళంచెవి ఇటు తీ.”

ముప్పై మంది ఉద్యోగులూ టిఫిన్ డబ్బాలు దగ్గరకు పట్టుకుని నిలబడ్డారు. కాపలా తాత కూడా కంబళి సర్దుకుని నిలబడ్డాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. తొమ్మిది రోజులు! ఇంకొక్క అరగంట అయితే అయిపోయేది. బండిలోంచి తాళంచెవి తీసి, ఎర్ర దారం వేలికి ఒకసారి చుట్టుకుని, విప్పి, చేయి చాపాను.

బాపు శాలువాలోంచి చేయి బయటపెట్టాడు.

ఆ చేయి మణికట్టు దాకా పచ్చగా ఉంది.

నా పసుపు చేతిలోని తాళంచెవి ఆయన పసుపు చేతిలోకి వెళ్లింది. అందరం ఆ రెండు చేతుల వైపే చూస్తున్నాం. బాపు చటుక్కున చేయి శాలువాలోకి లాక్కున్నాడు.

“యే క్యా హై, మల్లేశ్ భాయ్?” అన్నాడు రహీమ్ చాచా, చాలా నెమ్మదిగా.

“ఏది? ఇదా? పొద్దుగాల పూజ చేసిన.”

“నువ్వు పూజ చేసేది శుక్రారం కదా బాపు,” అన్నాను. “ఇయ్యాల బుధారం.”

నర్సింగన్న ముందుకొచ్చాడు. చలికి చేతులు రుద్దుకుంటూ అన్నాడు. “పూజ చేసింది నిజమే. నా ఆటో లైటుకు చేసిండు. వద్దన్న గని ఇనలే. పచ్చ లైటు మంచును కోస్తదన్నడు. ఇంట్ల డబ్బా మొత్తం ఊడ్చిండు.”

అప్పుడు లేచిన నవ్వుకు ఫంక్షన్ హాలు మీది పావురాలన్నీ లేచిపోయాయి. కాపలా తాత అయితే పెళ్లికొడుకు కుర్చీలో కూలబడి మరీ నవ్వాడు. బాపు మాత్రం నవ్వలేదు. శాలువాలో ఆయన పిడికిలి కాసేపు అటూ ఇటూ కదిలింది. తర్వాత చేయి మళ్లీ బయటికి వచ్చింది. తాళంచెవి నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు తనే మూశాడు.

“రివర్స్ వచ్చా నీకు?”

“వచ్చు బాపు.”

“మరి తీయి. తివాచీ పాడు చేయకు.”

తివాచీ అప్పటికే పాడైంది. రెండు లీటర్ల పాలు ఇచ్చి తాతను సముదాయించాను. బస్సు నీళ్ల డబ్బాతో, నర్సింగన్న తువ్వాలతో లైట్లు రెండూ తళతళలాడేలా తుడిచాను. గేటు బయట ఆటో లైటు కూడా తుడవాల్సి వచ్చింది. దాని మీద కుంకుమ బొట్టు ఉంది, నేను పెట్టిన దానికంటే గుండ్రంగా. బాపు నా పక్కన కూర్చుని ఖాదర్ భాయ్‌కి ఫోన్ చేశాడు. “భాయ్, ఇయ్యాల లేటైతది. బిడ్డ తప్పేం లేదు. నా వల్లనే అయింది,” అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆలస్యమే లేదన్న మనిషి అన్న మాట అది. నేను లైటు డిప్పర్‌లో పెట్టి, ముందు వెళ్తున్న బస్సుకు మంచి ఎడం ఇచ్చి, మెల్లగా శాలిబండ చేరాను. ఏడుంబావు అయింది. ఖాదర్ భాయ్ మా ఇద్దరి చేతులూ చూసి, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా సబ్బు తెచ్చి ఇచ్చాడు.

మధ్యాహ్నం అన్నానికి కూర్చుంటే పప్పు తెల్లగా ఉంది. అమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

“పసుపు డబ్బా ఎవరు ఊడ్చిన్రు?”

బాపు, నేనూ ఒకేసారి కొట్టం వైపు చూశాం.

“బర్రెలు డబ్బా మూత తీస్తయా?” అంది అమ్మ.

“ఆ నల్ల బర్రె తీస్తది,” అన్నాడు బాపు. మాకున్న పన్నెండూ నల్లవే.

అందుచేత, పన్నెండు నల్ల బర్రెల సాక్షిగా, బేగంబజార్ నుంచి మళ్లీ తెచ్చిన కొత్త పసుపు డబ్బా సాక్షిగా, నేను ప్రమాణం చేస్తున్నాను. మంచు పడితే అద్దం తుడుస్తాను. డిప్పర్ వేస్తాను. నాలుగు బారలు కనిపిస్తే నాలుగు బారల మేరకే వెళ్తాను, అవీ కనిపించకపోతే రోడ్డు దిగి పక్కకు ఆగుతాను. పసుపు, కారం, ధనియాల పొడి సహా వంటింటి సరుకేదీ నా బండి లైట్ల దరిదాపులకు రానివ్వను. నేనే కాదు, బాపు కూడా ఇదే ప్రమాణం చేశాడు. దసరాకు దండ మాత్రమే వేస్తానన్నాడు. అయినా ఈనాటికీ మంచు పడ్డ పొద్దున బండి తీసే ముందు, “బాపు, చేతులు సూపించు,” అని అడిగాకే తాళం తిప్పుతాను.